పంచుకోని ట్యాంకు

మా ఆయన, మా బావ ఏరుపడ్డప్పుడు ఆర్మూర్‌ల ఉన్న ఇంటికి నడుమ గోడ పెట్టుకున్నరు. వాళ్లు అటు, మేం ఇటు. సెప్టిక్ ట్యాంకు మాత్రం ఒక్కటే, గదీ మా వాకిట్ల. వాళ్ల పైపు గోడ కింద నుంచి అండ్లకే వస్తది. అప్పటికే నాకూ మా తోటికోడలికీ మాటల్లేవు.

అంతకు ముందు మేం హైదరాబాద్‌ల కిరాయికున్నం. గాడ నీళ్లు వదిలితే అంతా రోడ్డు కింది పెద్ద పైపులకు పోయేది. మ్యాన్‌హోల్ పొంగితే ఫోన్ చేస్తే వచ్చి తీసెటోళ్లు. మన మురికిల ఎవరిది కలిసిందో ఎన్నడు ఫికర్ చెయ్యలే. ఆర్మూర్‌ల మా గల్లీల గసొంటి పైపు లేదు. పోయింది పోయినట్టు మన వాకిలి కిందనే ఉంటది. గట్టిది అడుగుకు దిగి మురుగుతది, పైనీళ్లు ఇంకుడుగుంతలకు పోతయి.

మా తోటికోడలు రోజూ లెట్రిన్‌ల యాసిడ్ పోసి కడుగుతది. ట్యాంకు నిండి పొంగితే ట్యాంకర్‌ను పిలిచిన. ట్యాంకర్ తెచ్చినాయన మూత తీసి, నిరుడే ఖాళీ చేసింది మళ్ల ఎట్ల నిండిందని అడిగిండు. యాసిడ్‌కు మురగబెట్టే క్రిములు సచ్చిపోతయట. మురగనిదంతా పోయి ఇంకుడుగుంత గూడ పూడిపోయిందని చెప్పిండు. గుడ్డపేలికలు గూడ తీసిండు. గవి మా ఇంట్లయి కావు.

గోడ దగ్గర నిలబడి తోటికోడలికి చెప్పిన. ఆమె నా మొఖం గూడ చూడలే.

"ట్యాంకు నీ వాకిట్ల ఉన్నది. నీ వాకిలి, నీ బాధ," అన్నది.

మా ఆయన వేల్పూర్ చేను కాడ పసుపు ఉడకబెడుతున్నడు. అడిగితే వద్దంటడని అడగలే. మేస్త్రీని పిలిచి, మా దిక్కు వాళ్ల పైపు మూతికి సిమెంట్ పెట్టించిన. పానం నిమ్మళమైంది.

తెల్లారి పొద్దుగాల మా అత్త కట్టె పట్టుకొని వచ్చింది. ఆమె బావ వాళ్ల ఇంట్లనే ఉంటది, మోకాళ్లు వంగవు. లెట్రిన్‌కు పోవాలన్నది. ఆమె సంగతి నాకు యాదికే రాలే.

"నువ్వే మూపిచ్చినవా?"

"నేనే, అత్తమ్మా."

"నేను గా ఇంట్లనే ఉంటనని ఎరుకేనా?"

చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయిన.

వాళ్ల ట్యాంకు అయ్యేదాక అత్త దినాం గట్లనే వచ్చింది. బావ మొదలు మా బోరు పక్కనే, వాళ్ల దిక్కు గోడకు ఆనించి తవ్విచ్చిండు. దూరం జరుపుమంటే వినలే. నేను మున్సిపాలిటీల కంప్లైంట్ ఇచ్చిన. వాళ్లొచ్చి కొలిచి, తవ్విన గుంత పూడిపిచ్చిండ్రు. బావ వాళ్లు ఇంటి ముంగట మళ్ల తవ్వుకున్నరు. బావ నన్ను తిట్టిన తిట్లు గల్లీ అంతా విన్నది. నేనూ తక్కువ తిట్టలే.

వాళ్ల ట్యాంకు అయిన దినం నుంచి అత్త మా ఇంటికి రాలే. పండుగకు పోయి పిలిచిన. మోకాళ్లు నొస్తున్నయన్నది. వాళ్లతోటి చేసిన లొల్లికి నాకు ఇప్పటికీ రంది లేదు. అత్త ముంగట మాత్రం తలెత్తలేను.