బీరువా తలుపు మీది అంకె

హాస్టల్లో రెండేళ్లు నా రూమ్మేట్ అతను. ప్రతి పరీక్షకీ ముందు బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో ఒక అంకె వేసేవాడు. ఫలితాల్లో అన్నే మార్కులు వచ్చేవి.

"మన చేతుల ఏమున్నదిరా? అంతా ఎప్పుడో అయిపోయింది," అనేవాడు.

ఒకసారి పరీక్ష హాల్లో గమనించాను. ఇంకా గంట టైముంది. అతను మాత్రం పెన్నుకి మూత పెట్టేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం తార్నాకలో చాయ్ తాగుతూ నిలదీశాను.

"ఆఖరి ప్రశ్న నీకొచ్చు గదరా, ఎందుకు రాయలే?"

"రాస్తే అంకె తప్పైతది గదా," అన్నాడు, చాయ్ ఊదుకుంటూ. అందులో వింతేమీ లేనట్టే అన్నాడు.

చివరి పరీక్ష రోజు పొద్దున బీరువా తెరిస్తే, అతని అంకె కింద నా పేరు కనిపించింది. పక్కన ముప్పై ఎనిమిది. ఒళ్లు మండిపోయింది. తడి తువ్వాలుతో ఆనవాలు లేకుండా తుడిచేశాను. అతను మంచం మీద కూర్చుని చూశాడు.

హాల్లో కసిగా రాశాను. ఆఖరి ప్రశ్న నాకు కంఠతా వచ్చిందే. మొదలుపెడదామని చూస్తే, నా పెన్నుకి మూత పెట్టి ఉంది.

ఎప్పుడు పెట్టానో ఇప్పటికీ గుర్తు రాదు. అప్పటికే చాలాసేపటి నుంచి నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.