కటూరా కలిపిన కాగు

ఓలీ లోయలో పందిని కోసిన రోజున ఇనప కాగు దగ్గర తెడ్డు పట్టుకునేది మా పిన్ని కటూరా. తొడలూ పక్కలూ పొగబెట్టడానికి పోగా మిగిలిన తలకాయ, గుండె, కార్జం, తునకలూ అన్నీ ఆ కాగులోకే. ఎముక నుంచి ఊడేదాకా ఉడికించి, సన్నగా కొట్టి, ఆ రసంలోనే మొక్కజొన్న పిండి పోసి కలిపేది. తెడ్డు నిటారుగా నిలబడితే పాన్‌హాస్ అయినట్టు. అచ్చుల్లో పోసి చల్లార్చుకుని, పొద్దున్నే ముక్కలు కోసి పెనం మీద కరకరలాడేలా వేయించుకుంటే చలికాలమంతా మాకదే ఫలహారం.

పిన్నికి భర్త పోయాడు, పిల్లలు లేరు. అడవి అంచున ఒక్కతే ఉండేది. నోరు కరుకు. అయినా ముప్పై ఏళ్ళుగా ఎవరింట్లో పందిని కోసినా ముందు ఆమెకే కబురు.

ఆ డిసెంబరులో ఆమన్ లెవాన్ పెరట్లో రెండు పందుల్ని కోశారు. అతని భార్య సెవిల్లా సాసేజీల కోసం కీమాలో ఉప్పూ మిరియాలూ కలిపి, చిన్న ముద్ద తీసి మొగుడి నోటికి అందించింది.

"ఉప్పు చాలిందా చూడు."

కాగు దగ్గరి నుంచే పిన్ని కేకేసింది. "పచ్చిది నోట్లో పెట్టుకోకు ఆమన్! కాస్త పెనం మీద వేసి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"మా నాన్నా ఇలాగే చూశాడు, మా తాతా ఇలాగే చూశాడు కటూరక్కా. ఇద్దరూ డెబ్బయ్యేళ్ళు దాటి బతికారు."

"నువ్వు బతకవు. తర్వాత చెప్పలేదనకు."

అందరూ నవ్వారు. ఆమన్ నవ్వుతూనే ఇంకో ముద్ద తీసుకున్నాడు.

మూడో వారానికి ఆమన్ కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. పాల బకెట్ ఎత్తలేకపోయాడు. రొట్టె నమలబోతే దవడలు నొప్పి. ఒళ్ళు కాలిపోయే జ్వరం.

"నువ్వు బతకవు అందట కటూరా. అందరూ విన్నారట." పిండిమర దగ్గర మొదలైన మాట లోయంతా పాకింది. ఒక ఉదయం పిన్ని గేటు ముందు పాన్‌హాస్ దిమ్మ ఒకటి మంచులో పడి ఉంది. ఎవరో తెచ్చి పారేసిపోయారు.

నేను మరకు వెళ్ళి గట్టిగానే అడిగాను. "ఆ కాగులోది ఊరంతా తిన్నాం కదా! మనకేమైనా అయిందా?"

"మనకేం కాలేదంటే, ఎవరికి పెట్టాలో వాళ్ళకే పెట్టిందన్నమాట," అంది మర నడిపే ఆయన భార్య, సంచీ మూతి కడుతూ.

పిన్ని ఇవేవీ పట్టించుకోలేదు. చారు కాచి గిన్నెలో పోసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆమన్‌ను చూడ్డానికి బయల్దేరింది. పట్టపగలే ఆ ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. గడపకు అడ్డంగా చీపురు. మంత్రగత్తె చీపురు దాటలేదని మావాళ్ళ నమ్మకం. దాటెయ్ పిన్నీ అని చెప్పేలోపే ఆమె వంగింది.

"ఇదేమిటి, కాళ్ళకడ్డం?" అంటూ చీపురు తీసి మూలన నిలబెట్టింది.

లోపల చీకట్లో ఉన్న సెవిల్లా ఒకడుగు వెనక్కి వేసింది. "దాటలేదు," అంది. "తీసి పక్కన పెట్టింది గానీ దాటలేదు."

పిన్ని ముఖంలో రంగు పోయింది. అప్పుడర్థమైంది ఆమెకు.

"ఎవరే అది?" అని లోపలి గదిలోంచి ఆమన్ మూలుగుతూ అడిగాడు.

"ఎవరూ లేరు," అంది సెవిల్లా, పిన్ని కళ్ళలోకే చూస్తూ.

ఆ తర్వాత గొడ్ల చావడుల తలుపుల మీద మంత్రం రాసిన కాగితాలు వెలిశాయి. పిన్ని ఎదురొస్తే బండ్లు పక్కకు తిరిగేవి. పిన్ని మాత్రం రోజూ పొద్దున్నే మంచు కురుస్తున్నా అరుగు మీద కూర్చుని, ఆ కాగులోని పాన్‌హాసే దారినపోయేవాళ్ళకు కనబడేలా తినేది. ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు.

పట్నం నుంచి డాక్టరొచ్చి ఆమన్ చేతి కండలోంచి చిన్న ముక్క కోసి తీసుకెళ్ళాడు. జనవరి చివర ఆమన్ పోయాడు. పూడ్చిపెట్టిన రోజు పిన్ని శ్మశానం గేటు బయటే నిలబడింది.

మార్చిలో ఒక పొద్దున సెవిల్లా పిన్ని ఇంటికి వచ్చింది. నేను వెనక గదిలో ఉన్నానని ఆమెకు తెలియదు.

"డాక్టరు చెప్పాడక్కా. పచ్చి మాంసంలో కంటికి కనబడని పురుగులట. ఆయన కండల్లో చుట్టలు చుట్టుకుని ఉన్నాయట. ఉడికిస్తే చచ్చేవట."

"ఎప్పుడు చెప్పాడు?"

"ఆయన పోకముందే."

"మరి ఊళ్ళో ఎందుకు చెప్పలేదే?" అంది పిన్ని.

"నా చేత్తోనే కదా పెట్టాను! రేపు నా పిల్లలు నా ముఖం చూస్తారా?"

"ఇంటికెళ్ళు సెవిల్లా."

ఆమె వెళ్ళాక నేను కోపంతో ఊగిపోయాను. "పద పిన్నీ, ఇప్పుడే అందరికీ చెబుదాం."

"నోర్ముయ్. అది ముగ్గురు పిల్లల తల్లి. నన్ను చూసి తలదించుకోవడానికి నాకెవరున్నారు?"

నేను వినలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వాకిట్లో అందరి ముందూ చెప్పేశాను. సెవిల్లా కాదనలేదు. అవునన్నట్టు తలూపి, అక్కడే నేల మీద కూలబడింది. పెద్దకూతురు ఆమెను లేవనెత్తలేదు.

కొందరు వచ్చి పిన్నిని క్షమాపణ అడిగారు. "సరే, ఆ పురుగుల్ని పంపిందెవరంట?" అంది మరాయన భార్య. పిన్ని నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు.

మరుసటి చలికాలం రెండే రెండు ఇళ్ళవాళ్ళు కబురు పెట్టారు. ఒక ఇంటికి వెళ్ళింది. సాయం చేస్తానని కాగు దగ్గరికి ఎవరూ రాలేదు. మర్నాడు పొద్దున ముక్కలు వేయించి బల్ల మీద పెట్టింది. మొదటి ముక్క ఇంటి యజమాని తిన్నాడు. మిగతావాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని ముఖంకేసి చూస్తూ కూర్చున్నారు.