సుద్దగీత గట్టు

మీర్‌పేట్‌లో ప్లేస్కూల్ టీచర్‌గా చేరిన కొత్త. పిల్లలకు తూలకుండా నడవడం నేర్పాలని వరికోత ఆట పెట్టాను. సుద్దతో గీసిన పొలం గట్టు మీద, నెత్తిన చిన్న గడ్డిమోపుతో నడవాలి. గీత దాటితే బురదలో పడ్డట్టే.

ఓరోజు నాలుగేళ్ల అక్షర వాళ్ల నాన్న ప్రిన్సిపాల్ మేడమ్‌ను వెంటబెట్టుకుని క్లాసులోకి వచ్చాడు.

"పొలాలమ్మి సిటీల పడ్డం. నా బిడ్డతోని మళ్ల మోపులు మోయిస్తున్నరా?"

మేడమ్ నన్ను సారీ చెప్పమంది. నాకు ఒళ్లు మండింది. మోపు ఆయన చేతికిచ్చాను.

"మీరు నడువుండ్రి సార్. చివరిదాంక పోతే నౌకరీ ఇడిచిపెడ్త."

ఆయన నవ్వుతూ మోపు నెత్తిన పెట్టుకున్నాడు. మూడో అడుగుకే తూలి గీత దాటాడు. పిల్లలు "బురదల పడ్డరు!" అని చప్పట్లు కొట్టారు. అక్షర పరుగెత్తుకొచ్చి ఆయన వేలు పట్టుకుంది.

"కిందికి చూడకు డాడీ, ముంగట చూడు."

ఆయన సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు గట్టు ఇంకో రెండు గజాలు పెంచాను.