సదుం పేరున్న ఫోల్డరు

చరణ్, మేఘనా, మీ అవ్వకు దయ్యాల మీద నమ్మకం లేదని మీకు తెలుసు. మీ నాయన చిన్నప్పుడు చింతచెట్టు దగ్గర ఏదో ఉందని ఏడిస్తే, చెయ్యి పట్టుకుని ఆ చెట్టు చుట్టూ మూడుసార్లు తిప్పి ఇంటికి తీసుకొచ్చాను. దిష్టి కూడా తియ్యలేదు. అలాంటి నేనే ఈ మాట చెబుతున్నాను. పూణేలో కూర్చుని నవ్వుకున్నా పరవాలేదు, చివరిదాకా వినండి.

మన మదనపల్లె ఇంట్లో కిటికీ పక్కన ఉన్న కంప్యూటరు మీ తాతది. టమోటా మండీలో పనిచేసేవాడు కదా, రైతులు తెగులు పట్టిన ఆకుల ఫోటోలు, కాయల ఫోటోలు పంపేవాళ్లు. అవన్నీ దించుకుని ఊరి పేరు మీద దాచేవాడు. తంబళ్లపల్లె వాళ్లవి తంబళ్లపల్లెలో, శాంతిపురం వాళ్లవి శాంతిపురంలో. మనిషి పేరు ఎక్కడా రాసేవాడు కాదు. మండీలో అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తారు.

ఇంట్లోనూ అంతే. పెళ్లయిన రోజు నుంచి నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. మా పుట్టిల్లు సదుం కాబట్టి, "ఏమ్మే సదుమూ" అనేవాడు.

మీ కుప్పం అత్త కొత్తింట్లో పాలు పొంగించే రోజుకు ఆయన ఒక్కడే వెళ్లాడు. నేను అప్పటికే బాత్రూములో జారి పడి, మోకాలికి కట్టుతో మంచంలో ఉన్నాను. అక్కడే ఆయనకు ఆయాసం వచ్చింది. కుప్పంలోనే ఆస్పత్రిలో చేర్చారు. కారు మాట్లాడుకుంటే నేను వెళ్లగలిగేదాన్నే. తగ్గుతుందిలే, వచ్చేస్తాడులే, రేపు చూద్దాంలే అన్నాను. ఆరో రోజు పొద్దున పోయాడు.

ఈ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు.

దినాలు అయ్యాక మీ అత్త ఫోన్ చేసింది. "అమ్మా, పోయే ముందురోజు నాయిన నీకోసరం మాట్లాడినాడు. వీడియో తీసినా. నీది బటన్ ఫోను కదా, కంప్యూటరుకు లింకు పంపిస్తా, దించుకో. వారం దాటితే ఆ లింకు తెరుసుకోదు, మర్సిపోవద్దు."

ఆ రోజే దించుకున్నాను. ఆ పని మీ తాతే నేర్పించాడు. కానీ తెరవలేదు. నువ్వు రాలేదు కదే అంటాడని భయం. రేపు చూద్దాంలే అనుకున్నాను. మళ్లీ అదే మాట, చూడండి.

రెండు రోజులయ్యాక చూస్తే డౌన్‌లోడ్స్‌లో అది లేదు. పాత పాటలు, మీ బడి ఫోటోలు, మీ పిన్నమ్మ దించుకున్న కాగితాలు అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు.

మళ్లీ దించుకున్నాను. అప్పుడూ తెరిచే ధైర్యం రాలేదు. ఈసారి కంప్యూటరు ఆపి, ప్లగ్గు కూడా పీకేశాను. మరుసటి రోజు మధ్యాహ్నం ప్లగ్గు పెట్టి చూస్తే మళ్లీ లేదు. మీ చిన్నాయన, పిన్నమ్మ పనికి వెళ్లాక పగలంతా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. తలుపు గడియ వేసే ఉంది.

మూడోసారి దించింది లింకు ఆఖరి రోజున. దించి, కర్ర పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, అన్నం వార్చి వచ్చాను. అంతే. లేదు. సాయంత్రం మళ్లీ దించబోతే లింకు కూడా తెరుచుకోలేదు.

మీ అత్తకు ఫోన్ చేశాను. "నా పాత ఫోను నీళ్ల తొట్లో పడి సచ్చిపోయింది కదమ్మా. నీకాడ ఉండాది కదా అని నేను ధైర్యంగా ఉండాను" అంది. ఆయన నాకని చెప్పిన ఆఖరి మాటలు, వినకుండానే పోగొట్టుకున్నాను.

పుంగనూరులో కంప్యూటర్లు బాగుచేసే మునెప్ప ఉన్నాడు. మీ తాతకు దాన్ని బిగించి ఇచ్చింది ఆయనే. ఆ ఆదివారం బస్సెక్కి వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

"ఇదేమన్నా ఎలకలు తిరిగే కొట్టమా అమ్మా, పెట్టింది పెట్టినట్టు మాయమయ్యేదానికి? యాడో ఉంటాది. సూస్తాను ఉండు."

తీసేసినవి చేరే చెత్తబుట్ట చూశాడు. ఖాళీ. వైరస్ అనుకుని కంప్యూటరే పక్కన పెట్టేసిందేమోనని ఆ జాబితా చూశాడు. అందులోనూ ఏమీ లేదు. పాత ఫైళ్లను దానంతటదే తుడిచేసే ఏర్పాటు ఒకటి ఉంటుందట, అది ఆపేసే ఉంది. దించిన వాటి పట్టీలో మూడుసార్లూ దించినట్టు ఉంది. నొక్కితే మాత్రం, ఫైలు ఇక్కడ లేదు, ఎవరో జరిపారు లేదా తీసేశారు అని వస్తోంది. పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు.

చివరికి పేరుతో పని లేకుండా, కంప్యూటరులో ఉన్న వీడియోలన్నీ వరసగా తెప్పించాడు. అప్పుడు ఆయన నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, సదుం అంటే ఎవురు?"

మండీ ఫోటోల లోపల, ఊర్ల పేర్ల మధ్య, సదుం అని ఒక ఫోల్డరు. అందులో నా ఆధార్ కాగితం, నా మోకాలి ఎక్స్‌రే ఫోటో. మీ తాత ఎప్పుడో పెట్టుకున్నవి. వాటి కింద మూడు వీడియోలు. సదుం ఒకటి, సదుం రెండు, సదుం మూడు. ఆయన మండీ ఫోటోలకు పెట్టే పేర్లు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి.

"ఇది దానంతటది పోయింది కాదు. పేరు మార్సి, సేత్తో జరిపి పెట్టినారు" అన్నాడు మునెప్ప.

పిన్నమ్మ బిత్తరపోయింది. "నేనైతే కాదత్తా. ఆ ఫోల్డరు ఉండేదే నాకు తెలీదు. నిన్ను సదుం అని పిల్సేది మామ ఒక్కడే కదా."

నేనే మతి తప్పి చేశానా? అదీ ఆలోచించాను. ఫైలు పేరు మార్చడం నాకు ఇప్పటికీ రాదు.

మునెప్ప కాఫీ కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు. నేను వీడియో పెట్టుకున్నాను.

మీ తాత ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. గొంతు సన్నగా వస్తోంది. "ఏమ్మే సదుమూ. కారెక్కి వస్తానని రోజూ ఏడస్తాండావంట, పాప చెప్పింది. వద్దు. కాలు కింద పెట్టొద్దు. నేనే వస్తాను కదా, యాల అంత తొందర నీకు?" అని నవ్వబోయి దగ్గాడు. అంతే.

నేను రోజూ ఏడవలేదు పిల్లలూ. వస్తానని ఒక్కసారీ అడగలేదు. తండ్రి మనసు కష్టపడకూడదని మీ అత్త ఆడిన అబద్ధం అది. ఆయన దాన్ని నమ్మి వెళ్లిపోయాడు. ఆ నమ్మకంతోనే నాకు మంచి మాట చెప్పి వెళ్లాడు.

ఆ ఫైళ్లను ఎవరు జరిపారో నాకు తెలీదు. మునెప్పకూ తెలీదు. నేను దయ్యం అనను, ఇంకేదో అని కూడా అనలేను.

ఒక్కటి మాత్రం చేస్తున్నాను. మీరు పంపే ఫోటోలు దించుకుని డౌన్‌లోడ్స్‌లోనే వదిలేస్తున్నాను, ఎక్కడా సర్దడం లేదు. పొద్దున్నే కర్ర పట్టుకుని వెళ్లి, సదుంలోకి ఏమైనా చేరిందేమోనని చూస్తాను.

అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.