ఉన్నచోట ఉండనివ్వని నాగభూషణం గారు

నాగభూషణం గారికి ఏ వస్తువైనా, ఏ మనిషైనా ఉన్నచోట ఉంటే పడదు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో చెప్పులు అటూ ఇటూ మార్చి గాని లోపల అడుగుపెట్టరు. ఆర్.కె. పురంలో కూరల బండి దగ్గర ఆయన నిలబడితే బండివాడు చేతులు కట్టుకుని పక్కకి తప్పుకుంటాడు. "భయ్యా, టమాటర్ ఇధర్, లౌకీ ఉధర్," అంటూ టమాటాలు ఇటు, సొరకాయలు అటు బండంతా సర్ది, చివరికి ఒక్క కొత్తిమీర కట్ట కొనుక్కుని వస్తారు.

"మా పెళ్ళిలో ఫొటో తీయడానికి పూటంతా పట్టింది," అంటుంది ఆయన భార్య భానుమతి. "అందర్నీ జరిపీ జరిపీ, తీరా చూస్తే ఫొటోలో పెళ్ళికొడుకే లేడు."

అలాంటి మనిషిని తెలుగు సంఘం వాళ్ళు కోరి సాంస్కృతిక కార్యదర్శిని చేశారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. రెండువేల ఎనిమిది ఉగాదికి ఆ సెగ కిరణ్మయికి తగిలింది. నోయిడాలో వెబ్ అప్లికేషన్లు రాసే ఉద్యోగం ఆమెది. ఉగాది వేడుకల కోసం సంఘానికి ఒకటి రాసిచ్చింది. ఎవరి పాట ముందు, ఎవరి నాట్యం తరవాత అన్నది అందులో కనిపిస్తుంది.

ఇక ఆఫీసులో ఫోను మోగని పూట లేదు.

"అమ్మాయ్, కోలాటాన్ని కాస్త పైకి ఎక్కించు."

"పొద్దున్నేగా అంకుల్ దించమన్నారు!"

"అప్పుడు దిగాలి. ఇప్పుడు ఎక్కాలి."

ఒక్క కోలాటం ఎక్కితే కింద ఉన్నవాటన్నిటికీ నంబర్లు మార్చాలి. విసిగిపోయి కిరణ్మయి కొత్త సదుపాయం పెట్టింది. పేరు మీద మౌస్ నొక్కి పట్టుకుని, కావలసినచోటికి లాగి వదిలితే చాలు. నాగభూషణం గారు కళ్ళజోడు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి కోలాటాన్ని లాగి వదిలారు. మిగిలిన పేర్లు మర్యాదగా తప్పుకుని దారిచ్చాయి.

"మనుషులు కూడా ఇలా జరిగితే ఎంత బాగుండునమ్మా!" అన్నారాయన.

మర్నాడు మళ్ళీ ఫోను. "అమ్మాయ్, నేను సర్దిందంతా ఎవరో చెడగొట్టారు! ప్రెసిడెంటు సదాశివరావు గారి పనే!"

పాపం, సదాశివరావు గారికేం తెలీదు. తెరమీద వరస మారుతోంది గాని, ఆ కబురు సర్వర్‌కి చేరవేయడం కిరణ్మయే మర్చిపోయింది. పేజీ తిరిగి తెరిస్తే పాత వరసే వస్తోంది. నాలుక కరుచుకుని సరిచేసింది. ఆ తరవాత నాగభూషణం గారికి పట్టపగ్గాల్లేవు.

కిరణ్మయి దిగులంతా సరళకుమారి గురించే. సరళ ఆసుపత్రిలో నర్సు. నిరుడు ఉగాదికి పాట నేర్చుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది. వంతు రాకముందే డ్యూటీ వేళైంది. పాడకుండానే బస్సెక్కింది. ఈసారి కూతురి పాట వినాలని తెనాలి నుంచి తల్లి కూడా వచ్చింది. "ఈసారైనా పాడనిస్తారంటావా కిరణ్మయీ?" అని సరళ అడిగినప్పుడల్లా కిరణ్మయి మాట మార్చేసేది. ఈ పెద్దాయన సర్దుళ్ళలో ఆ పేరు ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? అందుకే పండగనాడు సరళ పేరు రెండోచోట ఉండగా చూసి, ఎవరు లాగినా కదలకుండా తాళం వేసేసింది.

మొదటి పేరు ప్రెసిడెంటు గారి మనవరాలి కూచిపూడి. హాల్లో గోడమీద పేర్లన్నీ పెద్దగా కనిపిస్తున్నాయి. పైన ఏ పేరుంటే ఆ పేరే పిలుస్తాడు మైకు దగ్గర మనోహర్. అంతా బాగానే ఉంది గాని, ముఖ్య అతిథి కారు ధౌలాకువా దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంది. ఆయన రాందే మనవరాలు ఆడదు. ఆ పిల్ల ఆడందే రెండో పేరు పిలవరు. సరళ గడియారం చూస్తోంది. తల్లి సరళని చూస్తోంది.

నాగభూషణం గారు ముఖం వేలాడేసుకుని స్టేజీ తెర వెనక ఉన్న కిరణ్మయి దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, పట్టుకుంటే రావట్లేదే!"

"తాళం వేశానంకుల్. మీరు సరళని కిందకి తోసేస్తారని."

"తోసేయడమా? పైకి తేవాలమ్మా! ఇంకాసేపుంటే ఆ పిల్ల డ్యూటీకి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ నేను చేసిందీ అదేగా. ఎవరికి డ్యూటీ మారితే వాళ్ళని జరిపాను. కోలాటం పిల్లలు ఊరి చివర ద్వారకా దాకా వెళ్ళాలని ఎక్కించాను."

"ఆ మాట అందరికీ చెప్పొచ్చుగా!"

"చెబితే, నా ఒక్కదాని కోసం ఇంతమంది జరగాలా అని సరళ అసలు పాడదు. నాకే పిచ్చి అనుకుంటే ఎవరికీ మొహమాటం ఉండదు."

కిరణ్మయికి సిగ్గేసింది. ఆ పెద్దాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తాళం తీసి, తనే సరళ పేరు పట్టుకుని పైకి లాగి వదిలింది. గోడమీద కూచిపూడి కిందకి దిగింది. మనోహర్ సరళని పిలిచాడు. ఆమె పాడుతున్నంతసేపూ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

సదాశివరావు గారు మండిపడుతూ వచ్చారు. "ఎవరు మార్చారిది?"

నాగభూషణం గారు నోరు తెరవబోయారు.

"నేనే అంకుల్," అంది కిరణ్మయి గబుక్కున.

"ఎందుకు?"

"ఊరికే."

సదాశివరావు గారు తెల్లబోయి నాగభూషణం గారి వైపు చూశారు. ఆయన ముఖం గంభీరంగా పెట్టి, గొంతు బాగా తగ్గించి, "ఈ అమ్మాయికి కాస్త పిచ్చండీ. పట్టించుకోకండి," అన్నారు.