వంకర పాచిక

మంగళవారం సాయంత్రం ఆ పబ్‌లో అడుగు పెట్టగానే ముందు తగిలేది పాత నూనెలో వేగుతున్న బంగాళాదుంపల వాసన. దాని వెనకే తడిగుడ్డతో తుడిచిన కర్రబల్లల వాసన. కానీ నన్ను వసుంధర గారి దగ్గరికి తీసుకుపోయేది వాసన కాదు, ఒక చప్పుడు. తోలు డబ్బాలో గలగలలాడిన పాచికలు బోర్డు మీద పడి, వాటిలో ఒకటి అంచు దూకి, చెక్క నేల మీద టకటకమంటూ దొర్లిపోయే చప్పుడు. అది వినబడగానే వెనక గదిలో వాళ్ళందరూ మాటలాపి, నేనేదో కేసు వేయబోతున్నట్టు నావైపు చూస్తారు. చూడనీ. "మళ్ళీ వెయ్యి" అంటాను. ఆ మాట నా సొంతం కాదు. వసుంధర గారిది.

ఆవిడ మత్తు డాక్టరు. గుంటూరులో చదువుకుని, నేను పుట్టకముందే ఈ దేశం వచ్చి, జీవితమంతా ఆపరేషన్ థియేటర్లలో గడిపి, రిటైరై ఈ పక్క ఊరు క్యారీలో ఉండేవారు. ట్రైనింగ్ రోజుల్లో ఒక ఆర్మేనియన్ సర్జన్ ఆవిడకు బ్యాక్‌గామన్ నేర్పాడట. మన పచ్చీసుకు దూరపు చుట్టం లాంటి ఆట అది. ఇద్దరు మనుషులు, రెండు పాచికలు, చెరో పదిహేను కాయలు. ఎదుటివాడి కంటే ముందు మన కాయలన్నీ ఇంటికి చేర్చి పండించుకోవాలి. భర్త పోయిన ఏడాది ఆవిడ ఈ పబ్‌కు వచ్చి, ఓనర్ డెనిస్‌ను, మంగళవారాలు మీ వెనక గది ఖాళీగా ఉంటోంది కదా, నాకివ్వండి అని అడిగారు. బుక్ క్లబ్బా అన్నాడట అతను. కాదు, పాచికలన్నారట ఈవిడ. చీర మీద స్వెటర్ వేసుకుని, అల్లం సోడా ముందు పెట్టుకుని, డెబ్బై దాటిన మనిషి పబ్‌లో పాచికలాడటం మా మోరిస్‌విల్ తెలుగువాళ్ళకు పెద్ద వార్త అయింది. గుడిలో ఒకావిడ ఉండబట్టలేక, "మంగళవారం ఆంజనేయస్వామి వారం కదండీ, ఆ రోజే పబ్‌కా?" అని అడిగేసింది. "ఆయనా నాలాగే ఒంటరివాడమ్మా. సాయంత్రాలు తోచదు. రమ్మను, ఒక బోర్డు ఖాళీగా ఉంది" అన్నారు వసుంధర గారు.

నేను పార్సిప్పనీ నుంచి ప్రాజెక్టు మారి ఇక్కడికి వచ్చిన కొత్త. అక్కడ ఒకే కాంప్లెక్స్‌లో ఏళ్ళ తరబడి ఉన్నా, కింది ఫ్లాట్ వాళ్ళు ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి నన్ను తప్ప అందరినీ పిలిచారు. అది వేరే కథ, మరిచిపోయిన కథ మాత్రం కాదు. ఇక్కడ ఆఫీసులో కిశోర్ అని వరంగల్ అబ్బాయి ఉండేవాడు. అందరి భుజాల మీదా చెయ్యి వేసే రకం. అతనే తీసుకువచ్చాడు. తీసుకువచ్చి, తాను వెళ్ళి వేరేవాళ్ళతో ఆడుకుంటూ కూర్చున్నాడు. నేను గోడవారన నిలబడి ఉంటే ఆవిడ పిలిచారు.

"ఏం నాయనా, అలా నిలబడ్డావు? రా, కూర్చో."

"నాకు ఆట రాదాంటీ."

"బోర్డు ముందు ఆంటీలెవరూ లేరు. వసుంధర అను."

అనలేకపోయాను. వసుంధర గారూ అన్నాను. దానికి ఒప్పుకున్నారు. ఓపిగ్గా నేర్పారు, ఆ తరువాత నా కాయల్లో ఒక్కటి కూడా పండనివ్వకుండా ఓడించారు.

"మొదటిరోజే ఇంత ఘోరంగా ఓడిస్తారా?" అన్నాను.

"మరి ఎన్నోరోజు ఓడించమంటావు?"

ఆవిడ నడిపే పద్ధతిలో ఒక నియమానికి మినహాయింపు ఉండేది కాదు. రెండు పాచికలూ బోర్డు మీద బల్లపరుపుగా పడాలి. కాయ మీదకు ఎక్కినా, అంచుకు ఆనినా, కింద పడినా ఆ పందెం చెల్లదు. రెండూ తీసి మళ్ళీ వెయ్యాలి. ప్రతి మంగళవారం ఆట మొదలయ్యే ముందు ఇది చెప్పేవారు, విన్నవాళ్ళకే మళ్ళీ. ఒకసారి ఎవరో విసుక్కుంటే, "థియేటర్లో మానిటర్ చూసి, పేషంటుకు ఊపిరి దాదాపు ఆడుతోంది అంటే ఒప్పుకుంటావా? ఆడుతోందా, లేదా, అంతే" అన్నారు.

ఆ మినహాయింపు లేనితనం నా మీదే పడుతుందని నేననుకోలేదు. బార్ పక్క గోడకు ఒక కర్రపలక ఉండేది. సీజన్ గెలిచినవాళ్ళ పేరు దాని మీద చెక్కించేవాళ్ళు. నేను నేర్చుకున్న రెండో ఏడు ఫైనల్ దాకా వచ్చాను. ఎదురుగా కిశోర్. నాకు నాలుగు కాయలు మిగిలాయి, అతనికి రెండు. జోడీ, అంటే రెండు పాచికల మీదా ఒకే అంకె పడితే, పందెం రెట్టింపై నావి నాలుగూ పండుతాయి, పడకపోతే తరువాతి పందెంలో అతను గెలుస్తాడు. వేశాను. ఆరూ ఆరూ. గది ఘొల్లుమంది. కిశోర్ నవ్వుతూ చెయ్యి చాపాడు కూడా. అప్పుడు ఎవరో, ఆ రెండోది కాయకు ఆనినట్టుంది అన్నారు. "ఏం ఆనలే. మంచిగనే ఉంది, అన్న గెల్శిండు" అన్నాడు కిశోర్. వసుంధర గారు పక్క బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఆ పాచికను చాలాసేపు చూశారు.

"వంకర. మళ్ళీ వెయ్యి."

ఎదుటివాడే ఒప్పుకున్నాక మధ్యలో ఈవిడెవరు అని నాకు ఒళ్ళు మండింది. అయినా వేశాను. ఒక పాచిక మీద రెండు, ఇంకోదాని మీద ఒకటి పడ్డాయి. పలక మీద కిశోర్ పేరు ఎక్కింది. మర్నాడు ఫోన్ చేసి నా వాదన మొత్తం వినిపించాను, కాయ అంచు మందం నుంచి పై లైటు నీడ దాకా. ఓపిగ్గా విన్నారు. "నువ్వింతగా చెబుతున్నావు కదా అని మళ్ళీ ఆలోచించాను శ్రీనూ. వంకరే" అన్నారు. కొన్ని వారాలు వెళ్ళడం మానేశాను. ఎవరూ ఎందుకు రావడం లేదని అడగలేదు. ఆవిడా అడగలేదు. చివరికి ఆ అన్యాయం గురించి మాట్లాడటానికి ఆ అన్యాయం తెలిసినవాళ్ళే కావలసివచ్చి మళ్ళీ వెళ్ళాను. నా బోర్డు సర్ది సిద్ధంగా ఉంది. "ఆలస్యమైందే" అన్నారు, ఏదో ఆ ఒక్క సాయంత్రమే ఆలస్యమైనట్టు. అప్పటి నుంచి కిశోర్ నాకు కంప్లయింట్ బాక్స్ అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

తరువాత కొన్నేళ్ళకు ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట అల్లం సోడా గ్లాసును ఎడమచేత్తో పట్టుకోవడం చూశాను. ఆ తరువాత పాచికల డబ్బా. కలిపి వేసేసరికి ఒకటి బోర్డులో, ఒకటి నేల మీద. మళ్ళీ వేస్తే అదే తంతు. ఒకరోజు కిశోర్, నేల మీది పాచికను అక్కడే చూసి, "నాలుగు పడ్డది. ఇట్స్ ఓకే ఆంటీ, మీకు ఏడ పడ్డా చెల్తది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. ఆవిడ ఒక్క క్షణం అతనివైపు చూసి, నాలుగు గళ్ళు జరిపారు. బోర్డు ముందు ఆంటీలెవరూ లేరని అనలేదు. ఆ గదిలో అది ఎవరికీ పట్టినట్టు లేదు. నాకు పట్టింది. తనకు జరిగిన అవమానాలు దాచుకునేవాడికి పక్కవాళ్ళవి కూడా కనబడతాయి.

వారం వారం ఆ దయ పెరిగింది. ఆవిడ పాచికలు ఎక్కడ పడినా చెల్లేవి. ఆవిడ కాయ ఒంటరిగా దొరికినా కొట్టకుండా పక్కనుంచి పోయేవాళ్ళు. ఆవిడ గెలిచినప్పుడల్లా చప్పట్లు. ఆ సీజన్‌తో ఆవిడ ఆడటం ఆపి, గౌరవ రిఫరీగా ఉంటే బాగుంటుందని అందరూ కలిసి తేల్చారు. ఆవిడను తప్ప అందరినీ అడిగారు. డెనిస్ కిటికీ పక్కన మెత్తవేసిన చేతుల కుర్చీ ఒకటి తెచ్చి పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి థాంక్యూ చెప్పి, వెళ్ళి మామూలు స్టూలు మీదే కూర్చున్నారు. ఆ సీజన్ ఫైనల్‌కు ఆవిడ వచ్చారు. ఎలా వచ్చారో అందరికీ తెలుసు, ఆవిడకు అందరికంటే బాగా తెలుసు. ఎదురుగా నేను.

పార్కింగ్ లాట్‌లో కిశోర్ నా కోసం కాచుకుని ఉన్నాడు. ఇంకా ఎండ తగ్గలేదు. అతని కారు వెనక సీట్లో కేకు పెట్టె కనబడింది.

"అన్నా, ఇయ్యాల నువ్వు జర ఊకో. పాచిక గీచిక అని లొల్లి పెట్టకు. ఆంటీ గెల్వనీ, కేక్ కట్ చేద్దాం, ఫొటో దిగుదాం."

"ఆవిడ అడిగారా?"

"అడుగుతదా? పాత పగ ఉంటే మా మీద తీర్చుకో, ముసలామె మీద ఎందుకు?"

అతన్ని దాటుకుని లోపలికి నడిచాను. లోపల గది నిండిపోయి ఉంది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఆవిడ నలుపు అంచు చీర కట్టుకున్నారు. నాకు షేక్‌హ్యాండ్ ఇస్తే ఆ చెయ్యి నా చేతిలో పిచ్చుకలా కొట్టుకుంది. మొదటి పందెంలోనే ఆవిడ పాచిక ఒకటి అంచు దూకింది. ఎవరో తీసి, "ఫైవ్!" అన్నారు. "చెల్లదు" అన్నాను. గదిలో గాలి మారింది. ఆవిడ తలెత్తకుండా రెండూ డబ్బాలో వేసి మళ్ళీ వేశారు. అలా చాలాసార్లు జరిగింది. నేను అన్నప్పుడల్లా నా వెనక నిట్టూర్పులు. డెనిస్ నా గ్లాసు ఖాళీ అయినా అటు రాలేదు. ఆవిడ మాత్రం ఆడుతున్నారు. ఎన్నాళ్ళుగానో చూడని ఆట. నా కాయను కొట్టి బయట కూర్చోబెట్టి, దారులన్నీ మూసి, నన్ను ఊపిరాడనివ్వలేదు. ఆ తరువాత నాకు వరసగా జోడీలు కలిసివచ్చి, చివరికి ఆవిడకు నాలుగు కాయలు, నాకు రెండు. ఈసారి జోడీ కావలసింది ఆవిడకు.

వేశారు. అయిదూ అయిదూ. గది లేచి నిలబడింది. కిశోర్ అప్పుడే కేకు మూత తీస్తున్నాడు. రెండో పాచిక నా కాయ అంచు మీదకు ఎక్కి ఉంది, వెంట్రుకవాసి.

"వంకర" అన్నాను.

"నీకు తల్లి లేదా అన్నా?" కిశోర్ గొంతు పెద్దదైంది. "గిదేం మనిషివయ్యా నువ్వు!"

ఎవరో ఇంగ్లీషులో నన్ను సిగ్గు లేదా అన్నారు. వసుంధర గారు చెయ్యెత్తారు. అందరూ ఆగారు. నావైపు సూటిగా చూశారు.

"ఖాయంగా అంటున్నావా?"

"ఖాయంగానే."

కళ్ళజోడు సర్దుకుని, బల్ల అంచును పట్టుకుని, వంగి చూశారు. కాదంటే ఆట అయిపోయినట్టే. గది మొత్తం ఆవిడ కాదనాలనే చూస్తోంది.

"వంకరే" అన్నారు. "మళ్ళీ వేస్తాను."

రెండుచేతులా డబ్బా పట్టుకున్నారు. మొదట ఒకటి నేల మీద పడింది. నేనే వంగి తెచ్చి ఇచ్చాను. రెండోసారి రెండూ శుభ్రంగా పడ్డాయి. నాలుగూ రెండూ. ఆవిడ రెండు కాయలు తీశారు. నేను నా రెండూ తీసుకున్నాను. పలక మీద పేరు నాదే. చప్పట్లు కొట్టింది ఒక్కరే, వణికే చేతులతో. కేకు ఎవరూ కోయలేదు. నన్ను ఆ రోజు అభినందించనివాళ్ళలో కొందరు ఇప్పుడు నాకు మంచి మిత్రులు. అయినా చెబుతున్నాను.

ఆవిడను కారు దాకా దింపడానికి వెళ్ళాను. తిడతారనుకున్నాను.

"హాస్పిటల్‌కి విజిటర్స్ వచ్చినట్టు వస్తున్నారు శ్రీనూ, ఈమధ్య నా ఎదురుగా కూర్చోవడానికి" అన్నారు. "ఇవాళ గెలిచుంటే దండ వేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టేసేవాళ్ళు. ఓడిపోయాను కాబట్టి వచ్చే సీజన్ రావాలి. ఆనాడు ఓడినా నువ్వు తిరిగి వచ్చావు కదూ? కిశోర్‌కి చెప్పు, రిఫరీ పని వద్దని."

అంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "ఇప్పుడైనా ఒప్పుకోండి వసుంధర గారూ. ఆ రోజు నా పాచిక..."

"వంకరే" అని కారు తలుపు వేసుకున్నారు.

తరువాతి సీజన్‌కు ఎత్తు అంచులున్న చెక్కపెట్టె ఒకటి చేయించి తెచ్చారు. అందరూ అందులోనే పాచికలు వెయ్యాలన్నారు, ఆవిడ ఒక్కరే కాదు. మొదటి మంగళవారమే నన్ను ఓడించి, "లెక్క సరి" అన్నారు. ఆ కుర్చీలో ఇప్పుడు అందరూ కోట్లు పడేస్తారు. మళ్ళీ రెండేళ్ళకు ఆవిడను కూతురు సియాటిల్ తీసుకువెళ్ళింది. చెక్కపెట్టె ఆవిడతోనే వెళ్ళింది, మేము మళ్ళీ బోర్డు మీదే వేస్తున్నాం. వెళ్ళేముందు బోర్డులుండే అలమర తాళం నాకిచ్చారు. "నీ మీద అందరికీ కోపమే. ఈ పనికి అది మంచిది" అన్నారు. పోయిన చలికాలం సియాటిల్‌లోనే పోయారు.

కబురు తెలిసిన వారం, ఆవిడ జ్ఞాపకార్థం ఈ సీజన్‌కు పలక మీద ఆవిడ పేరు చెక్కిద్దామన్నాడు కిశోర్. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అన్నాడు. ఆవిడ గెలిచిన సీజన్లకు ఆవిడ పేరుంది, గెలవనిదానికి వద్దన్నాను. అతను నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. వస్తాడు, నా ఎదురుగానే కూర్చుంటాడు, కసిగా ఆడతాడు.

నిన్న ఒక కొత్త అమ్మాయి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె పాచిక కాయకు ఆనుకుంది. ఎదుటివాడు పరవాలేదన్నాడు. "ప్లీజ్ అంకుల్, ఇట్స్ ఆల్మోస్ట్ ఫ్లాట్!" అంది నాతో. బోర్డు ముందు అంకుల్స్ ఎవరూ లేరని చెప్పి, కళ్ళజోడు సర్దుకుని, వంగి చూశాను. తొందరపడలేదు. ఆవిడ ఎంతసేపు చూశారో అంతసేపు చూశాను.

"వంకర. మళ్ళీ వెయ్యి."

ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది. ఈ సంగతి తను మరిచిపోదు. వచ్చే మంగళవారం తప్పకుండా వస్తుంది. తన బోర్డు సర్ది ఉంచుతాను.

కానీ ఒక్క మాట. ఆ ఫైనల్లో నా పాచిక మాత్రం బల్లపరుపుగానే పడింది.