వాన కంటే ముందొచ్చే గాలి

నా చిన్నప్పుడు రెంజల్ దగ్గర మాకు కొద్దిగా చెరుకు తోట ఉండేది. కోత అయ్యాక పొలంలో మోకాలెత్తు ఎండుటాకు మిగిలేది. అది తడిస్తే కాలదని, ఎండాకాలం మొదట్లో మబ్బు కనబడితే చాలు, వాన రాకముందే నిప్పు పెట్టాలని అందరూ ఉరికేవాళ్లు. ఎలాగూ వాన పడి మంట ఆరిపోతుందని ధీమా. ఇంతకన్నా తెలివితక్కువ లెక్క నేనింకెక్కడా చూడలేదు.

ఒక ఏడు మొదటి అగ్గిపుల్ల నేనే గీస్తానని, మేం బాపు అని పిలిచే నాన్న దగ్గర మాట తీసుకున్నాను. బడిలో వారం రోజులు గొప్పలు పోయాను. ఆ మధ్యాహ్నం మహారాష్ట్ర దిక్కున నల్లగా మబ్బు లేచింది. గాలి ఏ పంటా లేని చెలక వైపు మెల్లగా వీస్తోంది. ఇటు వెనక, గట్టు అవతల, ఆకు కప్పిన గుడిసెలో పక్క పొలం అక్క పసిబిడ్డను పడుకోబెట్టి, బయట కూర్చుని బీడీలు చుడుతోంది. నేను పుల్ల తీసేలోగా మా నాయనమ్మ వచ్చి ఆకు మధ్యలో చతికిలబడింది. ఆమెను ఇంట్లో అందరం అవ్వ అనేవాళ్లం.

"లే అవ్వా, వానొచ్చేటట్టున్నది," అన్నాడు బాపు.

"వానకంటె ముందు గాలొస్తది బిడ్డా. గది ఎటు తిరుగుతదో నీకెర్కనా? ముందు నన్ను కాలవెట్టు, తర్వాత ఆకు."

బాపు అరిచాడు, బతిమాలాడు. ఆమె కదల్లేదు. అవ్వ మీద నాకు అంత కోపం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కాసేపటికి గాలి పూర్తిగా పడిపోయింది. తర్వాత ఒక్కసారిగా దుమారం, అదీ వెనక్కి తిరిగి. బాపు, అవ్వ దుమ్ముకు కళ్లు మూసుకుని కూర్చుండిపోయారు. నేను మాత్రం గట్టు మీద నిలబడి చూశాను. మా ఆకు బుట్టలకొద్దీ లేచి, గట్టు దాటి, నేరుగా ఆ గుడిసె కప్పు మీద పడింది. అక్క బీడీల చాట విసిరేసి బిడ్డ కోసం లోపలికి ఉరికింది. అందులో ఒక్క ఆకు అంటుకుని ఉన్నా ఏమయ్యేదో చిన్నదాన్నయినా నాకు తెలిసింది. వాన చాలాసేపటికి గానీ రాలేదు.

వచ్చాక ఆకంతా నానిపోయింది. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి వంగి ఏరాల్సి వచ్చింది. గుడిసెకు ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. అదే అవ్వ తప్పయింది! "ముసల్దాని మొండితనానికి మా నడుములు పోయినయ్," అని బాపు ఏళ్లతరబడి దెప్పాడు. నేనూ వంత పాడాను. పుల్ల గీయనివ్వలేదన్న అలకతో, చూసింది చెప్పలేదు.

ఇప్పుడు ఫోన్లు గాలి, పిడుగు అని ముందే మొత్తుకుంటున్నాయి. అయినా మబ్బు లేస్తే అదే ఉరుకుడు. నేను అడ్డం పోతే, ఈ ముసలమ్మకు పనిలేదంటారు. ఆపితే ఏమీ కాదు. ఏమీ కానిదాన్ని ఎవరికి చూపించను?

మంచం పట్టాక అవ్వ ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి అడిగింది: "ఆ దినం నేను తప్పు జేసిన్నా బిడ్డా?"

అప్పటికి నేను పెళ్లీడుకొచ్చాను, అలకలు పోయే వయసే. అయినా "ఏమో" అన్నాను. ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోలేక, ఇప్పుడు ఊరందరితో కొట్లాడుతున్నాను.